మోకాలు బిగించాలా, వదలాలా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 36 ఏళ్లు. విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక బట్టల షాపులో పనిచేస్తున్నాను. ఉదయం 10 నుంచి రాత్రి 9 దాకా, భోజనానికి తప్ప నిలబడే ఉంటాం. ఈమధ్య మా షాపులో తీసిన వీడియో చూసుకుంటే నా మోకాళ్లు వెనక్కి వంగిపోయి కనిపించాయి. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. కదలకుండా నిలబడితే ఒళ్లు మెల్లగా ఊగుతున్నట్టుంటుంది, కళ్లు మూసుకుంటే ఇంకా ఎక్కువ. సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. అయ్యకోనేరు గట్టు దగ్గర యోగా నేర్పే సారు 'మోకాళ్లు బిగించి నిలబడండి' అంటారు. మా పక్కింటి అమ్మాయి జిమ్‌కి వెళ్తుంది, 'అస్సలు లాక్ చెయ్యొద్దు, కొంచెం వంచి నిలబడు' అంటుంది. ఎవరి మాట వినాలి? ఇంకో సంగతి. మా అమ్మకి 63. కవిటి దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఏళ్ల తరబడి జీడిపిక్కల పని చేసింది. మోకాళ్లు బయటికి వంగి దొడ్డికాళ్లయిపోయాయి. మొన్న పెరట్లోకి దిగుతూ పడింది. 'కాలు ఏసిన సోట నిలబడతాదో నేదోనని బయమేస్తంది' అంటోంది. మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వేసుకుంటోంది. మోకాలి బెల్టు కొంటే వంకర పోయి బ్యాలెన్స్ వస్తుందా?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు:

చెల్లీ, మీ యోగా సారూ తప్పు చెప్పలేదు, ఆ అమ్మాయీ తప్పు చెప్పలేదు. 'బిగించడం' అని ఆయన అన్నది తొడ కండ గురించి. 'లాక్ చెయ్యొద్దు' అని ఆమె అన్నది కీలు గురించి. ఈ రెండూ వేరు. చేత్తో పట్టుకుని చూస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

షాపులో ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. ఇంట్లో ఎవరినైనా మీ ముందు కూర్చోబెట్టి, మీ మోకాటి చిప్పని బొటనవేలు, చూపుడువేలితో రెండు వైపులా పట్టుకుని అటూ ఇటూ మెల్లగా కదపమనండి. తేలిగ్గా కదిలితే మీ తొడ ముందు కండ ఆ సమయంలో పని చేయడం లేదని అర్థం. ఇప్పుడు చిప్పని పైకి లాగుతున్నట్టు తొడ బిగించండి. చిప్ప కాస్త పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది, వేళ్లతో కదపలేరు. మోకాలు చూడ్డానికి రెండుసార్లూ నిటారుగానే ఉంది. మొదటిసారి దాన్ని నిలబెట్టింది మోకాలి వెనక ఎముకలని కలిపి పట్టుకునే లిగమెంట్లు, కీలు చుట్టూ ఉండే పొర. రెండోసారి కండ కూడా పట్టుకుంది.

తొడ కండ వదిలేసి నిలబడటం దానంతట అది జబ్బు కాదు. మామూలు మోకాళ్లున్న వాళ్లలో కూడా ప్రశాంతంగా నిలబడినప్పుడు ఆ కండ దాదాపు ఊరుకునే ఉంటుంది. మన శరీరం బరువంతా ఒకచోట ఉందనుకుంటే ఆ చోటు బొడ్డుకి కొంచెం కిందుగా, వెన్ను అడుగునున్న త్రికాస్థికి ముందు ఉంటుంది. అక్కడి నుంచి నేలకి తిన్నగా ఒక గీత గీస్తే అది మోకాలి కీలుకి కాస్త ముందుగా, చీలమండ కీలుకి నాలుగైదు సెంటీమీటర్లు ముందుగా దిగుతుంది. గీత మోకాలికి ముందున్నంత సేపూ బరువే మోకాలిని నిటారుగా ఉంచుతుంది. అందుకే మనిషి గంటల తరబడి నిలబడగలుగుతున్నాడు. మీ విషయంలో మోకాలు నిటారు దగ్గర ఆగకుండా ఇంకా వెనక్కి పోతోంది. గీతకీ కీలుకీ మధ్య దూరం పెరిగి, మోకాలి వెనక భాగం సాగుతోంది. రోజూ ఇన్ని గంటలు సాగుతూనే ఉంటే ఆ పట్టు ఇంకా వదులవుతుంది.

దీనికీ ఊగడానికీ సంబంధం ఏమిటో చెబుతాను. చిన్నప్పుడు చీపురుకట్టని అరచేతిలో నిలబెట్టి ఆడుకునే ఉంటారు. అది పడకుండా ఉండాలంటే చెయ్యి ఒక్క క్షణం కూడా ఆగకుండా కదులుతూ ఉండాలి. మనం నిలబడటమూ అంతే. ఎవరూ కదలకుండా నిలబడరు. నిలబడ్డ ప్రతి మనిషీ ఊగుతూనే ఉంటారు, చాలామందికి అది తెలియదు. గీత చీలమండకి ముందు పడుతుంది కాబట్టి ఒళ్లు ఎప్పుడూ ముందుకే వాలబోతుంది, పిక్క కండలు దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటూ ఉంటాయి. చిన్న తూలింపైతే చీలమండ దగ్గరే సర్దుబాటు అయిపోతుంది. ఇంకాస్త పెద్దదైతే తుంటి కదులుతుంది. అదీ చాలకపోతే అడుగు వేస్తాం. బస్సులో బ్రేక్ పడినప్పుడు ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి మీకే అనుభవంలోకి వస్తాయి.

ఇందులో మోకాలు చీలమండకీ తుంటికీ మధ్యలో ఉన్న కీలు. అది వెనక్కి పోయి చివరిదాకా ఆగిపోతే ఆ వైపు ఇక కదలడానికి చోటు ఉండదు. మోకాలి కింద ఎముక నిటారుగా ఉండాల్సింది వెనక్కి వాలుతుంది. దానికి సరిపడా కటి ముందుకి జరుగుతుంది, నడుం లోపలికి వంగుతుంది, భుజాలు వెనక్కి పోతాయి. సాయంత్రానికి మీ నడుం పట్టేయడానికి ఇదే ముఖ్య కారణమై ఉండొచ్చని నా అనుమానం. చిన్న తూలింపుని మోకాలి దగ్గర సర్దుకోలేక, సర్దుబాటంతా చీలమండ మీదా నడుం మీదా పడుతోంది. అదే మీకు ఊగుతున్నట్టు తెలుస్తూ ఉండొచ్చు.

కళ్లు మూస్తే ఎక్కువ కావడం గురించి భయపడకండి. మనిషిని నిలబెట్టే సమాచారం మూడు చోట్ల నుంచి వస్తుంది: కళ్లు, లోపలి చెవి, పాదాలూ కీళ్లూ కండరాలూ పంపే కబురు. ఒకటి ఆపేస్తే మిగతా రెంటి మీద భారం పడుతుంది, ఎవరికైనా ఊగడం పెరుగుతుంది. కీళ్లు వదులుగా ఉండే వాళ్లలో, కీలు ఎంత వంగిందో చెప్పే కబురు కాస్త మందంగా ఉంటుంది కాబట్టి వాళ్లు కళ్ల మీద ఎక్కువ ఆధారపడతారు. మీరు ఆ కోవలో ఉన్నారేమో చూసుకోండి. చిటికెన వేలిని వెనక్కి వంచితే అరచేతికి 90 డిగ్రీలు దాటుతుందా? బొటనవేలు వంచితే ముంజేతిని తాకుతుందా? మోచెయ్యి కూడా మోకాలిలాగే వెనక్కి పోతుందా? మోకాళ్లు వంచకుండా రెండు అరచేతులూ నేలకి ఆనించగలరా? వీటిలో చాలావాటికి అవునంటే మీ కీళ్లు పుట్టుకతోనే వదులు. చాలామంది అలాగే ఏ ఇబ్బందీ లేకుండా బతుకుతారు. కాకపోతే సాగదీసే ఆసనాలు మీకు అంతగా అవసరం లేదు, బలం పెంచేవే కావాలి. ఈ మాట మీ యోగా సారుకి చెప్పండి.

ఒక్కటి మాత్రం సాగదీయాల్సి రావొచ్చు. అది పిక్క. పిక్క కండ బిగుసుకుపోతే మోకాలి కింద ఎముక ముందుకి రాలేదు. పాదం నేల మీద ఆనగానే ఆ ఎముక వెనక్కి తోసుకుపోతుంది, దాంతోపాటు మోకాలూ పోతుంది. గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేపకుండా మోకాలు వంచి గోడకి తాకించండి. పాదం వేళ్లు గోడకి నాలుగు వేళ్ల దూరంలో ఉంచి కూడా మోకాలు తాకితే బాగానే ఉన్నట్టు. అంత దూరంలో మడమ లేచిపోతే పిక్క బిగువుగా ఉంది. రోజూ గోడకి చేతులు ఆనించి, ఒక కాలు వెనక పెట్టి, మడమ నేలకి అదిమి అర నిమిషం చొప్పున మూడు నాలుగు సార్లు సాగదీయండి. వెనకున్న కాలి మోకాలు నిటారుగా ఉండాలి గానీ వెనక్కి విరగకూడదు.

ఇక ఎలా నిలబడాలి? అద్దానికి పక్కకి తిరిగి నిలబడండి. ఒక దారానికి తాళంచెవుల గుత్తి కట్టి, చెవి పక్క నుంచి కిందకి వేలాడేలా ఎవరినైనా పట్టుకోమనండి. దారం భుజం మధ్యగా, తుంటి ఎముక మీదుగా, మోకాలి మధ్యకి కాస్త ముందుగా, చీలమండ ఎముకకి కొంచెం ముందుగా దిగితే చక్కగా నిలబడ్డట్టు. మీకు మొదటిసారి అలా రాదు, మోకాలు దారానికి బాగా వెనక కనిపిస్తుంది. అప్పుడు మోకాలిని వంచొద్దు. దాని వెనక భాగాన్ని ఒక్క పిసరు వదలండి, చూసేవాళ్లకి తేడా తెలియనంత. పాదం మీద మూడు చోట్ల బరువు తెలియాలి: మడమ, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు. ఈ మూడూ నేలని నొక్కుతున్నట్టు అనిపిస్తే మోకాలు తనంతట తానే సరైన చోటికి వస్తుంది. మొదట్లో మీకు మోకాళ్లు వంచి నిలబడ్డట్టే అనిపిస్తుంది. అద్దంలో చూస్తే నిటారుగానే ఉంటాయి. ఏళ్లుగా వెనక్కి పోయి ఉన్న స్థితినే మీ మెదడు 'నిటారు' అనుకుంటోంది, అది మారడానికి కొన్ని వారాలు పడుతుంది.

పక్కింటి అమ్మాయి చెప్పినట్టు నిజంగా వంచి నిలబడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. గీత మోకాలికి వెనక్కి వెళ్తుంది. అప్పుడు పడిపోకుండా ఆపడానికి తొడ కండ ఒక్క క్షణం కూడా తీరిక లేకుండా పని చేయాలి. వ్యాయామంగా ఐదు నిమిషాలకి మంచిదే. 11 గంటల డ్యూటీకి పనికిరాదు. మోకాటి చిప్ప వెనక నొప్పి మొదలవుతుంది.

యోగాలో చిప్ప పైకి లాగమన్నప్పుడు తొడ ముందు కండతో పాటు వెనక కండనీ పిరుదులనీ బిగించండి. ముందు కండ ఒక్కటే లాగితే మీలాంటి వాళ్ల మోకాలు ఇంకా వెనక్కే పోతుంది. బలంగా నిటారు చేయడం అంటే ఏమిటో మన ఉత్తరాంధ్ర వాళ్లకి బాగా తెలియాలి. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. వెయిట్ లిఫ్టింగ్ రూల్ ప్రకారం బరువు తల మీదకి వచ్చాక మోకాళ్లు పూర్తిగా నిటారుగా ఉంచి, రిఫరీలు దించమనే దాకా కదలకుండా నిలబడాలి. అక్కడ మోకాలు నిటారుగానే ఉంటుంది, కానీ ముందూ వెనకా ఉన్న కండలన్నీ దాన్ని పట్టుకుని ఉంటాయి. మీ యోగా సారు అడుగుతున్నది కూడా అదే పట్టు, చిన్న మోతాదులో.

బలానికి మూడు చాలు. కుర్చీ ముందు నిలబడి, చేతులు వాడకుండా నెమ్మదిగా కూర్చుని లేవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు వంచి, పిరుదులు పైకెత్తి ఐదు లెక్కపెట్టే దాకా ఉంచడం. గోడ పట్టుకుని మునివేళ్ల మీదకి లేచి నెమ్మదిగా దిగడం. ఒక్కోటి పదేసి సార్లు, రోజు విడిచి రోజు. ఆఖర్న పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద అర నిమిషం నిలబడండి, వాష్ బేసిన్ అందుబాటులో ఉంచుకుని. ఆ నిలబడ్డ మోకాలు వెనక్కి పోకుండా చూసుకోవడమే అసలు పని.

షాపు గురించి కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. భోజనానికి తప్ప కూర్చోనివ్వకపోవడం ఆడవాళ్ల కాళ్ల మీద పెడుతున్న భారం. దీన్ని మామూలు విషయంగా తీసుకోకూడదు. షాపుల్లో పనిచేసే వాళ్లకి కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో తమ చట్టాల్లో మార్పు చేశాయి. అక్కడి అమ్మాయిలు అడిగారు కాబట్టే అది వచ్చింది. మీరు నలుగురు కలిసి ఓనరుని రెండు స్టూళ్లు అడగండి. ఇచ్చేలోగా కౌంటర్ కింద ఒక ఇటుకో చిన్న పీటో పెట్టుకుని, కాసేపు ఒక పాదం, కాసేపు ఇంకో పాదం దాని మీద పెట్టండి. ఒక మోకాలు వంగి ఉన్నప్పుడు నడుం తేలిక పడుతుంది. చీరలు మడతపెట్టేటప్పుడు మడమలు లేపి దించండి. టైల్స్ మీద వట్టికాళ్లతో నిలబడాల్సి వస్తే కనీసం కౌంటర్ వెనక ఒక మందపాటి మ్యాట్ వేయమనండి. అరిగి ఒక పక్కకి వాలిపోయిన చెప్పులు వాడుతుంటే ఈరోజే మార్చండి. పాదం ఎటు వాలితే మోకాలు అటే వాలుతుంది.

పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి మీరూ వెళ్తూనే ఉంటారు. దసరా తర్వాత మంగళవారం, సిరిమాను అనే పొడవాటి మాను కోట దాకా మూడుసార్లు తిరిగే వరకూ జనం గంటల తరబడి ఒకేచోట నిలబడి ఉంటారు. అలాంటి చోట మోకాళ్లు వెనక్కి విరిచి కదలకుండా నిలబడితే పిక్క కండలు కదలవు. కాళ్లలోకి దిగిన రక్తాన్ని పైకి నెట్టేది ఆ కండలే. అవి ఆగిపోతే గుండెకి తిరిగొచ్చే రక్తం తగ్గి కళ్లు తిరుగుతాయి, కొందరు పడిపోతారు కూడా. గుంపులో ఉన్నప్పుడు బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుస్తూ, మడమలు లేపుతూ ఉండండి. తల తేలిపోతున్నట్టు అనిపిస్తే మొహమాటపడకుండా అక్కడే కూర్చోండి.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతి. నాకు మీకన్నా ఆవిడ గురించే ఎక్కువ దిగులుగా ఉంది.

తుంటి మధ్య నుంచి చీలమండ మధ్యకి గీత గీస్తే అది మోకాలి మధ్యకి దగ్గరగా వెళ్లాలి. మామూలు కాళ్లలో కూడా బరువు సగానికి పైగా మోకాలి లోపలి వైపే పడుతుంది. కాళ్లు దొడ్డిగా అయినప్పుడు గీత ఇంకా లోపలికి జరిగి, అక్కడ ఎముకల మధ్య మెత్తలా ఉండే మృదులాస్థి మీద భారం పెరుగుతుంది. అది అరిగితే వంకర ఇంకా పెరుగుతుంది, వంకర పెరిగితే అరుగుదల పెరుగుతుంది. పెద్దవాళ్లలో ఈ ఎముకల వంకర వ్యాయామంతో గానీ బెల్టుతో గానీ పోదు. మెడికల్ షాపులో అమ్మే ఆ తొడుగు వల్ల మోకాలికి కాస్త వెచ్చదనం, పట్టుకుని ఉన్నామన్న ధైర్యం వస్తాయి. కొందరికి అడుగు వేయడంలో నమ్మకం కూడా పెరుగుతుంది. అందుకు కొనొచ్చు. వంకర తీసేస్తుందని మాత్రం కొనొద్దు. రాత్రి తీసేసి పడుకోవాలి.

అయితే ఆవిడ పడటానికి వంకర ఒక్కటే కారణం అనుకోను. దొడ్డికాళ్లతోనే బిందెలు మోసుకుంటూ నడిచే ముసలమ్మలు మన ఊళ్లలో ఎంతమంది లేరు! 'కాలు ఏసిన సోట నిలబడతాదో నేదో' అన్నారు చూడండి, ఆ మాటలో నాకు వినిపించేది తొడ కండ. మోకాలిలో నొప్పీ వాపూ ఉంటే తొడ ముందు కండకి వెళ్లే ఆదేశం దానంతట అదే తగ్గిపోతుంది. ఆవిడ ఎంత గట్టిగా అనుకున్నా ఆ కండ పూర్తిగా బిగుసుకోదు. మెట్టు దిగేటప్పుడు ఒంటికాలి మీద ఒళ్లంతా ఆపాల్సింది ఆ కండే, అందుకే పెరట్లోకి దిగుతూ పడి ఉండొచ్చు.

ఆవిడ మోకాలు పూర్తిగా చాచగలరో లేదో ఈసారి వెళ్లినప్పుడు చూడండి. మంచం మీద కాళ్లు చాపి కూర్చోబెట్టి మోకాలి కింద మీ చెయ్యి దూర్చండి. చెయ్యి తేలిగ్గా దూరిపోయి, ఎంత అదిమినా మోకాలు మంచానికి ఆనకపోతే మోకాలు వంగిపోయి ఉందన్నమాట. నొప్పికి సుఖంగా ఉంటుందని చాలామంది రాత్రిళ్లు మోకాలి కింద దిండు పెట్టుకుని పడుకుంటారు. అది మానిపించండి. ఏళ్ల తరబడి అలా పడుకుంటే మోకాలు వంగినచోటే ఉండిపోతుంది. మీకు మోకాలు ఎక్కువ వెనక్కి పోవడం సమస్య, ఆవిడకి నిటారు దాకా రాకపోవడం సమస్య. వంగిన మోకాలి మీద నిలబడితే తొడ కండకి విశ్రాంతి ఉండదని పైన చెప్పాను. ఆవిడ ఉన్న కొద్ది బలమూ ఊరికే నిలబడటానికే ఖర్చయిపోతోంది. దిండు తీసేసి, ఒక తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టి, మోకాలిని మంచానికి అదమమనండి. ఐదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, పూటకి ఒకసారి. దీనికి ఖర్చు లేదు, మంచం దిగక్కర్లేదు. మోకాలి నొప్పితో ఉన్న పెద్దవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది ఇదే.

దానికి అలవాటు పడ్డాక ఎత్తు కుర్చీలోంచి లేవడం, గుమ్మం పట్టుకుని కాలు పక్కకి ఎత్తి దించడం నేర్పించండి. తుంటి పక్కనున్న కండ గట్టిపడితే నడిచేటప్పుడు ఒళ్లు అటూ ఇటూ పడిపోవడం తగ్గుతుంది. గట్టి బల్ల పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి, చెయ్యి ఒక్క క్షణం వదిలి చూడమనండి, మీరు పక్కనే ఉండి. ఐదు సెకన్లు కూడా నిలబడలేకపోతే మళ్లీ పడే ప్రమాదం ఎక్కువగా ఉందని అర్థం చేసుకుని ఇంట్లో ఏర్పాట్లు మార్చాలి. బాత్రూమ్ దారిలో రాత్రంతా లైటు ఉండాలి, ఎందుకంటే కాలి కబురు మందగించిన వాళ్లు చీకట్లో కళ్ల సాయం కూడా పోగొట్టుకుంటారు. పెరటి మెట్టు ఎత్తు ఎక్కువైతే సగం ఎత్తులో ఇంకో మెట్టు కట్టించి, పక్కన పట్టుకోవడానికి ఒక పైపు వేయించండి. కర్ర వాడటానికి సిగ్గుపడుతుంటే మీరే కొని ఇవ్వండి. కర్ర నొప్పి ఎక్కువగా ఉన్న కాలికి ఎదురు వైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల మోకాలి భారం సరిగా తగ్గదు. చెయ్యి వేలాడేసి నిలబడినప్పుడు కర్ర పైభాగం మణికట్టు దగ్గరకి రావాలి, అడుగున రబ్బరు తొడుగు ఉండాలి.

నొప్పి బిళ్లల మాట ఆఖర్న చెబుతున్నాను గానీ, చేయాల్సింది అన్నిటికన్నా ముందు. కవిటి ఉన్నది ఉద్దానంలో. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మందులు కిడ్నీకి రక్తం అందడాన్ని తగ్గిస్తాయి. ఇప్పటికే దెబ్బతిన్న కిడ్నీని అవి ఇంకా దెబ్బతీస్తాయి, ఎండలో పనిచేసి నీళ్లు తక్కువ తాగేవాళ్లలో మరీనూ. ఆవిడ ఏ బిళ్ల వేసుకుంటున్నారో అట్ట చూసి పేరు రాసుకోండి. డాక్టరుకి చూపించే దాకా సొంతంగా వేసుకోవడం ఆపమనండి. రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు చేయించండి. నొప్పికి ఏది వాడొచ్చో ఆ రిపోర్టులు చూసి డాక్టరే చెప్పాలి. అదే ప్రయాణంలో సుగర్, విటమిన్ బి12 కూడా చూపించండి. అరికాళ్లలో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయేమో అడగండి. ఉంటే బ్యాలెన్స్ పోవడానికి మోకాలికన్నా పాదాల నరాలే పెద్ద కారణం కావొచ్చు. బీపీ మాత్ర వేసుకుంటుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయా అనేది కూడా డాక్టరుకి చెప్పాలి. మోకాలి ఎక్స్‌రే తీయిస్తే నిలబెట్టి తీయమని అడగండి. పడుకోబెట్టి తీసినదాంట్లో బరువు పడదు కాబట్టి అరుగుదలా వంకరా ఉన్నంతగా కనిపించవు.

మీ ఇద్దరిలో ఎవరికైనా మోకాలు ఉన్నట్టుండి వాచి ఎర్రబడి జ్వరం వస్తే, మధ్యలో ఇరుక్కుపోయి చాచలేకపోతే, ఒక్క పిక్కే వాచి వేడిగా నొప్పిగా ఉంటే వ్యాయామాల జోలికి పోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. మీకు ఊగడంతో పాటు గది గిర్రున తిరగడం, చెవిలో హోరు, మాట తడబడటం లాంటివి ఉంటే అది మోకాలి వల్ల కాదు, ఆలస్యం చేయొద్దు.

అమ్మగారి రిపోర్టులు వచ్చాక క్రియాటినిన్ ఎంత ఉందో, ఆవిడ ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడగలిగారో నాకు రాయండి. మీ దారం పరీక్ష ఫలితం కూడా రాస్తే, తర్వాత చేయాల్సిన వ్యాయామాలు దాన్ని బట్టి చెబుతాను.